కళ్లం ఫొటోలో తాలు

2002 వేసవి. గుంటూరు బ్రాడీపేటలో ఓ చిన్న కంటి ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. వార్డు గోడకి పెద్ద రంగుల ఫొటో ఉండేది. ముందు మిరపకాయలు ఆరబోసిన కళ్లం, వెనక పత్తి చేలు, పైన ఆకాశం. పేషెంట్లకి కాలక్షేపం అదే.

ఆదెమ్మకి కుడికంటికి కాటరాక్ట్ ఆపరేషన్ అయింది. అంటే శుక్లం పట్టిన కటకాన్ని తీసి కొత్త లెన్స్ పెట్టడం. ఆమె పని కళ్లాల్లో తాలు ఏరడం, అంటే రంగు పోయి తెల్లబారిన కాయల్ని వేరుచేయడం. చూపు మందగించి తాలు వదిలేస్తోందని ఆ ఏడు ఎవరూ పనికి పిలవలేదట.

మర్నాడు పొద్దున కట్టు విప్పాను. గోడవైపు చూసి బిక్కచచ్చిపోయింది.

"ఫొటో మార్చారా సిస్టరమ్మా? నిన్న ఆకాశం మట్టిరంగులో ఉంది. ఇయ్యాల నీలిమందు కలిపినట్టుంది. కాయలైతే మండిపోతన్నాయి."

భర్త కోటయ్య ఎగిరిపడ్డాడు. "అదే ఫొటోనే! ఆకాశం మట్టిరంగులోనే ఉంది. ఉన్న కన్ను కూడా పాడుచేశారు."

ఆదెమ్మ ఏడుపందుకుంది. కంటికి మంచిది కాదని కేకలేశాను. నాకు మొదట్నుంచీ ఓపిక తక్కువ.

"కుడికంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూడు పెద్దమ్మా."

"మట్టిరంగు."

"ఇప్పుడు ఎడమకంటికి."

"నీలం!"

ఎడమకంట్లో ఇంకా శుక్లం ఉంది. శుక్లం పట్టిన కటకం పసుపెక్కుతుంది. ఇన్నాళ్లూ దాంట్లోంచి చూసినవాళ్లకి అసలు రంగులే ఎక్కువైనట్టు అనిపిస్తాయి. అదంతా చెప్పినా ఆమెకి నమ్మకం కుదరలేదు.

"మరి తాలు కనబడుద్దా?"

ఆమె దిగులల్లా అదే. మిరపకాయల్ని ఆ కంటి దరిదాపులకి రానివ్వను కదా. "ఫొటోలో ఉంటే చూపించు" అన్నాను.

మంచం మీంచే వేలు చాపింది. "అదిగో, ఎడంపక్క కుప్పలో. తాలు ఏరకుండానే ఫొటో తీశారు, సోమరిపోతులు!"

దగ్గరికెళ్లి చూశాను. పాలిపోయిన కాయలు నిజంగానే ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నాను.

కోటయ్య కళ్లు చికిలించాడు. "ఎక్కడే? అన్నీ ఒకటే రంగుగా?"

టార్చి వేసి చూస్తే ఆయనకి రెండు కళ్లలోనూ శుక్లాలే.

"ఏడాదంతా నన్ను గుడ్డిదానా అని తిట్టింది ఈ కళ్లతోనా?" అంది ఆదెమ్మ, ఏడుపు మర్చిపోయి.

అప్పట్నుంచీ పేషెంటు వెంట వచ్చినవాళ్లని కూడా ఆకాశం ఏ రంగని అడగడం నాకు అలవాటైంది. తర్వాత కోటయ్యకీ ఆపరేషన్ అయి, కట్టు విప్పిన రోజు మాత్రం ఆ ప్రశ్న నేను అడగలేదు. ఆదెమ్మే అడిగింది.

కోటయ్య ఫొటోకేసి చాలాసేపు చూశాడు. "నువ్వు చెప్పిందేలే" అన్నాడు.