లలితక్క గిర్ని ఆపిన రోజు

కరీంనగర్‌లో మా వీధి మలుపున ఒక పిండిగిర్ని ఉంది. అప్పుడే పట్టిన జొన్నపిండి వేడి వాసన ముక్కుకు తగిలితే చాలు, నా నడక దానంతటదే నెమ్మదిస్తుంది. లలితక్క కళ్ల ముందు నిలబడుతుంది. కనుబొమల మీద తెల్లగా పిండి, గిర్ని చప్పుడును దాటి వినిపించడానికి అలవాటైన పెద్ద గొంతు.

అప్పుడు నేను ఆసిఫాబాద్ అవతల ఒక చిన్న ఊళ్లో, దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా ఆయన మస్కట్‌లో ఉండేవాడు. లలితక్క గిర్ని వెనక గదిలోనే నా కాపురం. ఒక ఎండాకాలం ఫ్రిజ్ పాడై కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. మాట్లాడినతను మర్యాదగానే పేరు, చిరునామా రాసుకున్నాడు. ఫ్రిజ్ బాగైంది. మర్నాటి నుంచి అతని సొంత నంబరు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "ఇంట్ల ఒక్కరే ఉంటరా మేడం?" అన్నాడు. ఆ నంబరు బ్లాక్ చేస్తే ఇంకో నంబరు. కంపెనీకే ఫిర్యాదు చేద్దామని ఫోన్ చేస్తే, లైన్ మార్చి మార్చి చివరికి అతనికే కలిపారు. నవ్వాడు. "నా మీద నాకే కంప్లైంట్ ఇస్తున్నరా? మీ ఇల్లు నాకు ఎరికే గదా, ఒకసారి వచ్చి మాట్లాడుత."

మా ఆయనకు చెప్పాను. "సిమ్ మార్చెయ్. ఎవ్వలకన్న తెలిస్తే మంచిగుండది," అన్నాడు. మా అవ్వ కూడా "బయట అనకు బిడ్డా" అంది. ఆ తర్వాత చెప్పుకోవడానికి నాకు మనిషి మిగల్లేదు. నంబరు మారిస్తే ఇల్లు మారదు కదా. తలుపు గడియ పెట్టుకుని, బయట బండి చప్పుడైతే ఊపిరి బిగబట్టి కూర్చునేదాన్ని.

ఒక ఉదయం గిర్ని దగ్గర నిలబడి ఉండగా ఫోన్ మోగింది. కట్ చేసి బోర్లా పెట్టాను. మళ్లీ మోగింది. లలితక్క చూసింది. గిర్ని ఆపేసింది. హఠాత్తుగా వచ్చిన ఆ నిశ్శబ్దంలో నాకు ఏడుపు ఆగలేదు. నేను ఏడుస్తూనే చెప్పిందంతా విని ఆమె ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. చీర కొంగుతో మొహం తుడుచుకుని, "ఎక్కడికి పోవాలె చెల్లె? నడువు, నేనొస్త," అంది.

ఠాణాలో చాలాసేపు బల్ల మీద కూర్చోబెట్టారు. "నా కోసం గిర్ని బంద్ పెట్టినవ్ గదక్కా," అన్నాను. ఆమె మొదటిసారి మెల్లగా మాట్లాడింది. "మీ బావ పోయినంక సప్పుడు లేకుంటే నాకు బుగులైతది, భయంగ ఉంటది. గిరాకీ లేకున్నా ఒక్కోసారి ఉత్తగనే తిప్పుత. ఇయ్యాల నువ్వున్నవ్ గదా పక్కన." గోడకు అటువైపు అన్నాళ్లున్నాను. ఆ చప్పుడు ఎందుకో నాకెప్పుడూ తట్టలేదు.

లోపల అధికారి నన్ను అడిగాడు. "మొదట మీరేమన్న మంచిగ మాట్లాడిండ్రా అతనితోని?" లలితక్క తన గిర్ని గొంతుతో అంది. "ఫ్రిజ్ సల్లగైతలేదని మాట్లాడింది సార్. గంతే." ఠాణా అంతా తలెత్తి చూసింది. అధికారి ఇంకేమీ అడగకుండా ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఆ నంబరు కలిపాడు. ఎవరు మాట్లాడుతున్నదీ తెలియగానే అవతల ఆ మనిషి గొంతు సన్నబడింది. "తప్పైంది సార్, ఇంట్ల చెప్పకుండ్రి." ఇన్నాళ్లు నేను భయపడింది ఈ గొంతుకా అనిపించింది. కేసు రాశారు. అతని ఉద్యోగం పోయింది. కంపెనీ నుంచి మాత్రం ఒకే ఒక సందేశం వచ్చింది: నా ఫిర్యాదు పరిష్కారమైందట, సేవ ఎలా ఉందో చెప్పమని.

ఫోన్లు ఆగాయి. ఠాణా దాకా పోయానని మా ఆయన కొన్నాళ్లు సరిగా మాట్లాడలేదు. ఆ రోజుల్లో లలితక్క సాయంత్రాలు వచ్చి, ఏమీ అడగకుండా, నా పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలిచేది.

నాకు కరీంనగర్ బదిలీ అయిన తర్వాతి ఏడు ఆమె పోయింది. గుండెనొప్పి. నాకు ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు ల్యాబ్‌లో ఎవరైనా ఆడపిల్ల మాట మధ్యలో ఆగిపోతే, ఏమైందని గుచ్చి గుచ్చి అడగను. చేతికున్న గ్లవ్స్ తీసేసి, "ఎక్కడికి పోవాలె?" అంటాను. కొందరితో వెళ్లాను కూడా. తిరిగొచ్చి ఇంటి తాళం తీసి లోపలికి అడుగుపెట్టినప్పుడు ఒక్క క్షణం ఆగుతాను. నన్ను ఆ మాట అడిగిన మనిషి ఒక్కతే. ఆమె లేదు.