మామయ్య కోసం వచ్చినవాళ్లు

నా చిన్నప్పుడు మేము ఆరిజోనాలో, చాండ్లర్‌లో ఉండేవాళ్లం. మా నాన్న చిప్పులు తయారుచేసే ఒక కంపెనీలో ఇంజినీరు. నాకప్పుడు పదేళ్లు. ఆదివారం వస్తే మా ఇంట్లో ఒక కంచం ఎక్కువ పడేది. అది మామయ్యది. సొంత మామయ్య కాదు, అమ్మ వాళ్ల ఊరి నుంచి ఎం.ఎస్. చదవడానికి వచ్చిన అబ్బాయి. అమ్మను అక్కా అని పిలిచేవాడు కాబట్టి నాకు మామయ్య అయ్యాడు. యూనివర్సిటీ దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో నలుగురు కుర్రాళ్లు కలిసి ఉండేవారు. వారమంతా వాళ్లు వండుకున్నది తిని తిని విసిగిపోయేవాడేమో, అమ్మ చేసిన ముద్దపప్పు, చారు ముందు పెడితే సగం భోజనం అయ్యేదాకా మాట్లాడేవాడు కాదు. తిన్నాక నన్ను కూర్చోబెట్టుకుని లెక్కలు చెప్పేవాడు. స్కూల్లో టీచర్ నాలుగుసార్లు చెప్పినా నా బుర్రకెక్కని ఫ్రాక్షన్స్, ఆయన ఒక అట్టును ముక్కలు చేసి చూపిస్తే ఎక్కేవి. ఆ ముక్కలు ఇద్దరం తినేసేవాళ్లం.

ఆ ఏడాది అక్టోబరులో, ఎండలు కాస్త తగ్గి మా ఊళ్లో మనుషులు మళ్లీ బయట తిరగడం మొదలుపెట్టిన రోజుల్లో, మామయ్యకు యాక్సిడెంట్ అయింది. శుక్రవారం మధ్యాహ్నం లైబ్రరీ నుంచి సైకిల్ మీద రూముకు వెళ్తుంటే మలుపు తిరుగుతున్న ట్రక్కు గుద్దింది. తొడ ఎముక విరిగింది. కడుపులో దెబ్బ తగిలి రక్తం లోపల్లోపలే కారిపోయింది. ఆయన రూమ్మేట్ ఫోన్ చేసినప్పుడు నేను అప్పుడే స్కూల్ నుంచి వచ్చాను. అమ్మ ఫోన్ పట్టుకుని నేల మీద కూర్చుండిపోవడం నాకు గుర్తుంది. వెంటనే లేచి, నన్ను వెంటబెట్టుకుని, మా వీధిలోనే ఉండే డాక్టర్ ఆంటీ ఇంటికి పరుగెత్తింది.

డాక్టర్ ఆంటీ మా నాన్న ఇంకా నిక్కర్లు వేసుకునే రోజుల్లోనే గుంటూరు నుంచి అమెరికా వచ్చిన మనిషి. అప్పటికి రిటైరై ఉన్నారు. వయసును బట్టి చూస్తే అమ్మమ్మ అని పిలవాలి, కానీ అక్కడ పెద్దవాళ్లంతా మాకు ఆంటీలే. మాటలు తక్కువ. ఎవరైనా ఏడుస్తుంటే ఓదార్చడం కంటే చేయవలసిన పని చేసేసే రకం. ఆ రోజూ అంతే, అమ్మ చెప్పింది విని, తాళాలు తీసుకుని, మమ్మల్ని కారెక్కించుకుని హాస్పిటల్‌కి తీసుకెళ్లారు. నాన్న ఆఫీసు నుంచి తిన్నగా అక్కడికే వచ్చాడు.

మామయ్యను మాకు చూపించలేదు. ఆపరేషన్ జరుగుతోందన్నారు. ఆంటీ లోపలికి వెళ్లి ఎవరితోనో మాట్లాడి వచ్చారు. రక్తం చాలా పోయిందనీ, ఎక్కిస్తూనే ఉన్నారనీ, ఇంకా ఎక్కించాల్సి వస్తుందనీ ఉన్నది ఉన్నట్టే చెప్పారు. బతుకుతాడా అని అమ్మ అడిగితే, రేపటికి గాని చెప్పలేమన్నారు. నేను అక్కడే ఉన్నానని నాన్న కళ్లతో సైగ చేసినా ఆవిడ మాట మార్చలేదు.

మర్నాటికి మామయ్య గండం గడిచింది. ఇంకా కళ్లు తెరవలేదు, కానీ రక్తం కారడం ఆగిందన్నారు. ఈలోగా ఆ కబురు ఈమెయిళ్లలో ఊరంతా తిరిగింది. అందులో ఇంకో సంగతి కలిసింది. మేము తెలుగు క్లాసులకు వెళ్లే హాలు దగ్గరికి డాక్టర్ ఆంటీ ఏడాదికి రెండు మూడుసార్లు రక్తదానం బస్సును పిలిపించేవారు. ఎప్పుడూ ఓ అరడజను మంది వస్తే గొప్ప. ఆ ఆదివారం ఆ బస్సు వచ్చే రోజు. ఎప్పుడో కుదుర్చుకున్నది. ఎవరో మంచి మనసుతోనే, 'ఆ అబ్బాయికి రక్తం కావాలి, అందరూ ఆదివారం హాలు దగ్గరికి రండి' అని రాసి పంపేశారు.

ఆదివారం మేము వెళ్లేసరికి పార్కింగ్‌లో చోటు లేదు. ఉగాదికి కూడా అంతమంది రాగా నేను చూడలేదు. మామయ్య పేరు తెలియనివాళ్లు, ఆయన్ను ఒక్కసారి కూడా చూడనివాళ్లు బస్సు ముందు వరుసలో నిలబడి ఉన్నారు. ఒక అంకుల్, ఆ అబ్బాయిదీ నాదీ ఒకే గ్రూపట, ముందు నన్ను పంపండి అంటున్నారు. అమ్మకు అది చూసి కళ్లనీళ్లు తిరిగాయి.

అందరికంటే ముందు వచ్చింది మామయ్య రూమ్మేట్లు ముగ్గురూ. బస్సెక్కిన పది నిమిషాలకే ముగ్గురూ దిగి వచ్చేశారు. మలేరియా ఉండే దేశం నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు ఇన్నేళ్లని ఆగితే గాని రక్తం ఇవ్వకూడదని అప్పటి నియమం. వాళ్లు వచ్చి ఏడాదే అయింది. అమ్మ వెళ్లింది. ఆ వేసవిలో నన్ను తీసుకుని తన తమ్ముడి పెళ్లికి ఇండియా వెళ్లి వచ్చింది కాబట్టి ఆవిడనూ వద్దన్నారు. అట్లా ఎవరికి మామయ్య బాగా దగ్గరో వాళ్లంతా ఒక్కొక్కరే పక్కకు వచ్చి నిలబడ్డారు. ఇక మా ఇంట్లో మిగిలింది నాన్న. గ్రీన్ కార్డు పని నడుస్తోందని మూడేళ్లుగా ఆయన ఇండియా వెళ్లలేదు, కాబట్టి ఆయన ఇవ్వొచ్చు. ఆయన మాత్రం వరుసలో చివర నిలబడి, వెనక వచ్చినవాళ్లకు దారిచ్చి ముందుకు పంపిస్తున్నాడు.

అప్పుడే వరుసలో ఉన్న ఇంకో అంకుల్ డాక్టర్ ఆంటీని, ఈ రక్తం ఇప్పుడే హాస్పిటల్‌కి పంపిస్తారా, మేమే కార్లో తీసుకెళ్లాలా అని అడిగారు. ఆంటీ జవాబు చెప్పేముందు వరుస మొత్తాన్ని ఒకసారి చూశారు. తర్వాత అందరికీ వినపడేలా కాస్త గొంతు పెంచారు.

"ఒక మాట వినండి. ఆ అబ్బాయికి ఇవాళ మీ రక్తం అక్కర్లేదు. కండిషన్ స్టేబుల్‌గా ఉంది. శుక్రవారం వాడికి ఎక్కించింది అంతకుముందు ఎవరెవరో ఇచ్చిపెట్టింది. అది హాస్పిటల్‌లో రెడీగా ఉంది కాబట్టే వాడు బతికాడు. వాడు పడిపోయాక మనం ఇక్కడ గుమిగూడి ఇచ్చేదైతే, దాన్ని టెస్ట్ చేసేలోపే వాడు పోయేవాడు. ఇవాళ మీరిచ్చేది ఎవరికి వెళ్తుందో నాకూ తెలీదు. ఇష్టమున్నవాళ్లు ఉండండి."

ఒకరు పిల్లాడికి క్రికెట్ కోచింగ్ ఉందన్నారు, ఇంకొకరు పొద్దున ఏమీ తినలేదన్నారు. మామయ్యదీ తనదీ ఒకే గ్రూపన్న అంకుల్ వాచీ చూసుకుని, నెక్స్ట్ టైమ్ తప్పకుండా ఇస్తానని ఆంటీతో చెప్పి వెళ్లారు. వాళ్లను ఇప్పుడు తప్పుపట్టలేను. వాళ్లు ఒక మనిషి కోసం బయల్దేరి వచ్చారు, ఆ మనిషికి అక్కర్లేదన్నారు. ఎదురుగా కనపడనివాళ్ల కోసం చెయ్యి చాపడం వేరే సంగతి. మూడొంతుల వరుస కరిగిపోయింది.

నాన్న కూడా కారు దగ్గరికి నడిచాడు. అమ్మ కుర్రాళ్లతో మాట్లాడుతోంది. నేను వెనక సీట్లో కూర్చున్నాను. నాన్న ఇంజిన్ స్టార్ట్ చేసి అమ్మ కోసం చూస్తుంటే, మామయ్య రూమ్మేట్లలో ఒకాయన, కరీంనగర్ వైపు అబ్బాయి, అమ్మ కంటే ముందు వచ్చి కారు అద్దం దగ్గర వంగాడు.

"అన్నా, నన్ను తీసుకోలే. రెండుసార్లు అడిగిన, అయినా తీసుకోలే. మీకు ఇయ్యనీకి వీలుంది, మీరు పోతున్నరు."

అందులో కోపం లేదు. ఉన్నమాట చెప్పినట్టే ఉంది. నాన్న స్టీరింగ్ మీంచి చేతులు తీయకుండా, నేను వెనకున్నానని కూడా చూడకుండా, "నాకు సూదంటే భయంరా" అన్నాడు.

అంతకుముందు మా నాన్నకు దేనికైనా భయముంటుందని నేను అనుకోలేదు. ఆ కుర్రాడు నవ్వలేదు. "నాక్కూడా భయమే అన్నా. రండి, నేను పక్కన నిలబడత" అన్నాడు. నాన్న ఇంజిన్ ఆపాడు.

బస్సు లోపల చల్లగా ఉంది. నన్ను తలుపు దగ్గర చిన్న సీట్లో కూర్చోబెట్టారు. ఏవేవో ప్రశ్నలు అడిగి, వేలి చివర గుచ్చి ఒక చుక్క తీసి చూశారు. దానికే నాన్న ముఖం పాలిపోయింది. పడుకోబెట్టాక కళ్లు మూసుకుని పళ్లు బిగపట్టాడు. ఆ కుర్రాడు ఆయన రెండో చెయ్యి పట్టుకుని, వాళ్ల రూములో మామయ్య అన్నం ఎట్లా మాడ్చేవాడో, స్మోక్ అలారం మోగితే నలుగురూ తువ్వాళ్లతో ఎట్లా విసిరేవారో చెబుతూ కూర్చున్నాడు. నాన్న కళ్లు మూసుకునే నవ్వాడు. ఆయన నవ్వుతుండగానే సంచీ నిండింది. నర్సు అయిపోయిందని చెబితే, ఇంతేనా అన్నట్టు చేతికేసి చూసుకున్నాడు.

దిగి వచ్చేసరికి బస్సు ముందు ఏడెనిమిది మంది ఉన్నారు. ఎప్పుడూ వచ్చే అరడజను కంటే ఒకరిద్దరు ఎక్కువ. డాక్టర్ ఆంటీ వాళ్లకు జ్యూస్ డబ్బాలు అందిస్తున్నారు. ఆవిడ ముఖంలో నిరాశేమీ కనపడలేదు. నాకు మాత్రం ఉండబట్టలేదు. దగ్గరికి వెళ్లి, మీరు ఆ మాట చెప్పకుండా ఉంటే అందరూ ఇచ్చేవాళ్లు కదా, ఎందుకు చెప్పారు ఆంటీ అని అడిగాను.

ఆవిడ చేతిలో డబ్బా కింద పెట్టి నాకేసి చూశారు. "చెప్పకపోతే ఇవాళ అందరూ ఇచ్చేవాళ్లు. మీ మామయ్యకు ఇచ్చేశాం, పనైపోయిందని ఇంటికెళ్లేవాళ్లు. నిజం తెలిసి ఇచ్చినవాళ్లు మళ్లీ వస్తారు. నాకు కావాల్సింది వాళ్లు."

మామయ్య ఆరు వారాలు హాస్పిటల్‌లో, తర్వాత రెండు నెలలు మా ఇంట్లో ఉన్నాడు. చదువు ఒక సెమిస్టర్ వెనకబడింది. ఇప్పటికీ ఎక్కువ దూరం నడిస్తే ఎడమ కాలు కాస్త ఈడుస్తాడు. ఆయన ఒంట్లో ఎవరి రక్తం ఉందో తెలుసుకుని వాళ్లకు ఒక మాట చెప్పాలని ఆయనకు చాలా ఉండేది. అట్లాంటి వివరాలు ఇవ్వరన్నారు. మా నాన్న తర్వాతి బస్సుకు వెళ్లాడు, ఆ తర్వాతి దానికీ వెళ్లాడు. సూదంటే భయం మాత్రం పోలేదు. కళ్లు మూసుకునే ఇచ్చేవాడు. ఒకే గ్రూపన్న ఆ అంకుల్ కూడా, చెప్పినట్టే, రెండోసారి వచ్చారు. ఆంటీ ఆయన్ను ఏమీ అనలేదు. జ్యూస్ ఏది కావాలని అడిగారు.

పదిహేడేళ్లు నిండిన నెలలో నేను మొదటిసారి ఇచ్చాను. అప్పటి నుంచి వీలైనప్పుడల్లా ఇస్తూనే ఉన్నాను. ఇండియా ప్రయాణం పెట్టుకుంటే, వచ్చాక కొంతకాలం తీసుకోరు కాబట్టి, వెళ్లేముందే ఇచ్చి వెళ్తాను. మా పిల్లలు ఒకోసారి అడుగుతారు, ఎవరికైనా ఏమైనా అయిందా అమ్మా, ఇవాళ ఎందుకు వెళ్తున్నావు అని. ఎవరికీ ఏమీ కాలేదంటాను. నేనిచ్చేది ఎవరికి ఎక్కుతుందో ఆ మనిషి ఈపాటికి ఎక్కడో ఇంట్లో అన్నం తింటూ ఉంటారు, లేదా సైకిల్ తాళం తీస్తూ ఉంటారు. వాళ్లు ఇంకా క్షేమంగా ఉండగానే నేను వెళ్లి రావాలి.