మోగే మీటరు

కూచింగ్ పట్నంలో జనాన్ని నది దాటించే జెమాలి వేళ్లు తెడ్డు పట్టీ పట్టీ మొద్దుబారాయి. చక్కెర చూసుకుందామని సూదితో గుచ్చినా చుక్క నెత్తురు రాదు. ఇరవై ఏళ్లుగా ఇన్సులిన్ పొడుచుకుంటున్నాడు. రేవు వదిలేముందు బుగ్గన బెల్లం ముక్క పెట్టుకుంటాడు. చెమట పడితే ఎండ అంటాడు, చేయి వణికితే నీటి వడి అంటాడు.

ఆ ఉదయం ఆసుపత్రిలో నర్సు లూసియా భుజానికి అంటించుకునే మీటర్లు రెండు చూపించింది. ఒకటి ఫోను దగ్గర పెడితేనే చక్కెర ఎంతుందో చెబుతుంది. రెండోది చక్కెర పడిపోతుంటే తానే మోగుతుంది.

"మోగేదే కావాలి."

"అవి నాలుగే వచ్చాయి బాబాయ్. ఉన్నట్టుండి స్పృహ తప్పేవాళ్లకే ఉచితం. మీకెప్పుడైనా తప్పిందా?"

జెమాలి లెక్క వేసుకున్నాడు. తప్పిందంటే పడవ లైసెన్సు పోతుంది, లేదంటే మీటరు రాదు.

"నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?" అంది పక్కనున్న భార్య హస్నా, పళ్లబిగువున.

"రెండుసార్లు," అన్నాడు చివరికి. "రెండోసారి పడవలో తొమ్మిదిమంది ఉన్నారు. నాకు కునుకు పట్టిందనుకుని నవ్వుతున్నారు. పడవేమో వంతెన స్తంభం మీదికి పోతోంది. ఎవరో తెడ్డు లాక్కున్నారు."

లూసియా కలం ఆగింది. "ఇది రేవు ఆఫీసుకి పంపాలి, తెలుసుగా?"

"తెలుసమ్మా. రాయి."

లైసెన్సు మూడు నెలలు ఆపేశారు. మర్నాడు రేవులో "పడవెక్కలేదేం జెమాలీ?" అన్న ప్రతివాడికీ అతను చొక్కా చేయి మడిచి మీటరు చూపించాడు, తన జబ్బు పేరు చెప్పాడు. అంతవరకూ ఆ మాట హస్నా ముందు, ఆసుపత్రిలో తప్ప ఎక్కడా పైకి అని ఎరగడు.