ఆరో రోజున ఆపేసిన మందు

2022 వేసవి. కొత్త జిల్లాలు వచ్చి కందుకూరు, చీరాల వేరే జిల్లాల్లోకి వెళ్లిపోయాయి గానీ, మా గిద్దలూరుకు జిల్లా కేంద్రం ఒంగోలు దూరం మాత్రం తగ్గలేదు. పెద్ద డాక్టరు దగ్గరకు పోవాలంటే ఒక రోజు పని పోతుంది. అందుకే మా దగ్గర చాలామందికి మొదటి డాక్టరు మందుల షాపువాడే. ఇరవై రెండేళ్లుగా నాది ఆ షాపు.

సుగుణమ్మది రాచర్ల వైపు పల్లె. మిరప కోతలకు, కలుపు తీతకు పోయే మనిషి. నలభై ఐదేళ్లుంటాయి. ఆదివారం ప్రార్థన అయ్యాక గిద్దలూరు వచ్చి, "గ్యాస్ బిళ్లలు ఇయ్యన్నా" అనేది. ఆ బిళ్లలు కడుపులో యాసిడ్‌ను తగ్గిస్తాయి. మంట ఆగుతుంది. అసలు మంట ఎందుకు వస్తోందని నేను ఒక్కసారీ అడగలేదు.

ఆ వేసవిలో ఆమె కూతురు ప్రసన్న పట్టుబట్టి మార్కాపురంలో ఎండోస్కోపీ చేయించింది. సన్నటి కెమెరా గొట్టాన్ని నోట్లోంచి దించి జీర్ణాశయం లోపల చూసే పరీక్ష అది. పుండు ఉందని, హెచ్. పైలోరీ అనే బ్యాక్టీరియా ఉందని తేలింది. ఎక్కువగా చిన్నప్పుడే ఇంట్లోవాళ్ల నుంచి అంటుకుని, ఏళ్ల తరబడి జీర్ణాశయం లోపలి పొరను వాచిపోయేలా చేస్తుందది. చాలామందికి ఏమీ కాదు. కొందరికి పుండు పడుతుంది. చాలా కొద్దిమందిలో అది క్యాన్సర్ దాకా పోతుంది. పరీక్షకని పుండు దగ్గర తీసిన చిన్న ముక్కలో క్యాన్సర్ కనిపించలేదు. డాక్టరు కిట్ రాశారు. రెండు యాంటీబయాటిక్స్, ఒక యాసిడ్ మాత్ర, పద్నాలుగు రోజులు. రెండు నెలలకు మళ్లీ ఎండోస్కోపీకి రావాలని చీటీ కింద రాశారు. మందులిస్తూ ఆ చీటీ నేను చదివాను.

ఆరో రోజు సుగుణమ్మ మళ్లీ వచ్చింది.

"ఈ మందులు నావల్ల కాదన్నా. నోరంతా ఇనుము నాకినట్ల ఉండాది. కక్కొస్తాది. పనికి పోలేకున్నా."

"నొప్పి ఎట్ల ఉంది?"

"నొప్పి పోయిందిలే."

షాపు ముందు జనం నిలబడి ఉన్నారు. "పోయింది కదా, ఇంక ఆపేయ్. మళ్లా మంట వస్తే పాత బిళ్ల వేసుకో," అన్నాను.

"రెండు నెలలకు మళ్లా రమ్మన్నారే?"

"నొప్పి లేకుంటే ఎందుకు పోతావమ్మా?"

ఆమె ముఖం తేటపడింది. పాత బిళ్లలే తీసుకుని వెళ్లింది. ఆ తర్వాత కూడా అవే ఇస్తూ వచ్చాను.

మరుసటి ఏడు వానలు తగ్గాక వచ్చినప్పుడు ఆమెను గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. మెడ ఎముకలు బయటికి వచ్చాయి. "రెండు ముద్దలకే కడుపు నిండిపోతాది. దొడ్డికి నల్లగా పోతాండాది" అంది. నల్లగా పోతోందంటే లోపల రక్తం కారుతున్నట్టు. అప్పటికప్పుడు ప్రసన్నకు ఫోన్ చేసి మార్కాపురం పంపించాను.

క్యాన్సర్. కాలేయానికి పాకింది. ఆపరేషన్‌కు వీల్లేదన్నారు.

నేనే వెళ్లి ఆ డాక్టరును కలిసి జరిగిందంతా చెప్పాను. ఆయన పాత రిపోర్టు తీసి చూశారు.

"మీరు మాన్పించిన ఎనిమిది రోజుల వల్లే వచ్చిందని చెప్పలేను. అప్పటికే మొదలై ఉండొచ్చు. ఈ క్యాన్సర్ వచ్చిన కొందరి గడ్డల్లో ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్ కూడా కనిపిస్తుంది. ఈమెకు అది లేదు, బ్యాక్టీరియా మాత్రం ఇంకా ఉంది. కానీ రెండు నెలలకు వచ్చి ఉంటే, పుండు మానిందో లేదో చూసేవాణ్ణి. మానకుంటే ఇంకో ముక్క తీసి పరీక్షకు పంపేవాణ్ణి."

కోపంగా అనలేదు. అని ఉంటే బాగుండేది.

తర్వాత పల్లెకు వెళ్లాను. సుగుణమ్మ మంచం మీద పడుకుని ఉంది. పక్కనే ప్రసన్న. మందు ఆపమనడం, మళ్లీ పరీక్షకు పోవద్దనడం నా తప్పేనని చెప్పాను.

"నేనడిగితేనే గదన్నా చెప్పినావు. నువ్వేం చేస్తావు," అంది సుగుణమ్మ.

నేను బయటికి వచ్చాక ప్రసన్న వెనకే వచ్చింది.

"రెండు నెలలయింది, పోదాం రామ్మా అంటే, 'అన్న వద్దన్నాడే' అనింది మామా. డాక్టరు మాట కన్నా నీ మాటే ఎక్కువ మా అమ్మకు."

"నువ్వు కూడా పరీక్ష చేయించుకో," అని మాత్రం అనగలిగాను.

"డాక్టరు చెప్పినాడులే," అని లోపలికి వెళ్లిపోయింది.

క్రిస్మస్‌కు ముందే సుగుణమ్మ పోయింది. ప్రసన్నకూ ఆ బ్యాక్టీరియా ఉందట. పద్నాలుగు రోజులూ మందు వాడింది, తర్వాతి పరీక్షలో పోయిందని వచ్చిందట. ఇదంతా వాళ్ల ఊరివాళ్లు చెప్పారు. కిట్ మార్కాపురంలోనే కొనుక్కుంది. మా షాపుకు మళ్లీ రాలేదు.

కౌంటరు మీద అలవాటుగా అనే మాట అవతలి మనిషికి ఎంత పెద్ద మాటో నాకు అంతకుముందు తెలియదు. ఇప్పుడు పదేపదే గ్యాస్ బిళ్లలు అడిగేవాళ్లను ఆపి, ఎన్నాళ్లుగా, బరువు తగ్గావా అని అడుగుతాను. డాక్టరు దగ్గరకు పొమ్మంటాను. కొందరు విసుక్కుని పక్క షాపుకు పోతారు. పోతే పోనీ అనుకోలేను. అక్కడ వాళ్లకు ఏం చెబుతారో నాకు తెలుసు. ఇన్నేళ్లూ నేను చెప్పిందే.