లాయరవ్వ నీలిమందు

ఆ రోజుల్లో నాకు భయమంటే ఏమిటో తెలియదని మనవళ్లకు చెబుతుంటాను. అబద్ధం. గ్రామసేవకుడిగా కొత్తగా ఉద్యోగంలో చేరి గోరంట్ల పక్క ఒక పల్లెకు వెళ్లిన ఆ ఎండాకాలంలో, ఒక చేదబావిని చూసి వణికినంతగా మళ్లీ దేన్ని చూసీ వణకలేదు. స్నానాల నీళ్లు, అంట్లు తోమిన నీళ్లు వీధిలో పారకుండా ఇంటి పక్కన గుంత తవ్వి, రాళ్లూ ఇసుకా నింపి, అందులోకి వదిలితే నేల ఇంకించుకుంటుంది. ఇదీ ట్రైనింగులో నేను నేర్చిన విద్య. తాగే బావికి యాభై అడుగుల దూరం ఉండాలనీ చెప్పారు. మొదటి గుంత లాయరవ్వ ఇంటి పక్కన తవ్వించాను. (వాదనలో ఆమెను గెలిచినవాళ్లు లేక ఊరు పెట్టిన పేరది.) నలభై మంది కూలీలతో బండ పగలగొట్టించానని ఇన్నేళ్లూ చెప్పుకున్నాను. కూలీలు ఇద్దరే. బండ లేదు.

వారం తిరక్కుండానే అవ్వ నన్ను బావి దగ్గరికి పిలిపించింది. ఊరంతా కర్రలతో చుట్టుముట్టిందని రాద్దామనుకున్నాను గానీ, వచ్చింది నలుగురే. కర్ర ఒకాయన చేతిలోనే ఉంది, అదీ నడవడానికి.

"ఏమప్పా, బాయి నీళ్లు వాసనొస్తాండాయి. నీ గుంత మురికి దిగుతాండాదేమో?"

"లేదవ్వా, యాభై అడుగులు కొలిచే తవ్వించినా."

"అట్లయితే గుంతలో నీలిమందు పోచ్చా. మూడు దినాలు ఊరంతా, దూరమైనా తోట బాయి నీళ్లే మోసుకుంటాం. ఈడ నీళ్లు నీలమైతే మొదటి చెంబు నువ్వే తాగల్ల!"

బట్టలకు పెట్టే నీలిమందు డబ్బాడూ గుంతలో కుమ్మరించింది.  నిజానికి నేను కొలవనే లేదు. ఎండకు ఓర్వలేక కానుగచెట్టు నీడలో కూర్చుని, "ఆడ తవ్వండి" అని చెయ్యి చూపించి, పుస్తకంలో యాభై అని రాసుకున్నాను. ఎవరూ లేనప్పుడు వెళ్లి అడుగులో అడుగు వేసి చూస్తే ముప్పైరెండు. అడుగులు చిన్నవి చేసి నడిస్తే ముప్పైఆరు. ఊళ్లో తాగునీళ్ల బావి అదొక్కటే. అది చెడితే? ఏ పసిబిడ్డకైనా వాంతులైతే? అన్నం సయించలేదు.

రెండో రోజు పొద్దున బావిలోకి తొంగిచూస్తే నీళ్లు నీలం! గట్టు మీదే కూలబడ్డాను. కాసేపటికి తల పైకెత్తితే తెలిసింది, అది ఆకాశం.

మూడో రోజు అందరి ముందూ అవ్వ చేదిన నీళ్లు తేటగా ఉన్నాయి. "భేష్" అన్నారెవరో. అయినా మొదటి చెంబు నాకే ఇచ్చింది అవ్వ; పెదవుల దాకా తెచ్చి దించేశాను. మూడు దినాల్లో రానిది వానాకాలంలో రాదని ఏమిటి నమ్మకం?

"అవ్వా, నేను కొలవలేదు" అన్నాను.

"తెలుసులేప్పా" అంది అవ్వ. "వాసనా లేదు, గీసనా లేదు. చెట్టు కింద కూచోని చెయ్యి సూపిచ్చింది నేను సూడలేదనుకున్నావా? పార పట్టు. కొలిచే తాడు నేను పట్టుకుంటా."

ఆ గుంత పూడ్చి, కొత్తది నేనే తవ్వాను. తాడు యాభై దగ్గర ఆగితే, "ఇంగ పదడుగులు పో నాయనా, నువ్వు రాసే యాభై మీద నాకు నమ్మకం లేదు" అంది.

ఇప్పటికీ ఎవరు నీళ్లిచ్చినా గ్లాసు వెలుతురుకెత్తి చూసిగానీ తాగను. తాతకు శుభ్రం ఎక్కువని మనవళ్లు మెచ్చుకుంటారు. నేనూ కాదనను.