నేను మూసేసిన చీలిక

2022 జనవరిలో కోటిపల్లి రేవు పక్కనున్న నా షెడ్డుకి ఒక తెరచాప పడవ వచ్చింది. అప్పటికి పాతికేళ్ళుగా ఫైబర్ పడవలు బాగుచేస్తున్నాను. గాజు పీచుతో చేసిన మ్యాట్ పరిచి, దాని మీద రెజిన్ అనే జిగురు పట్టించి గట్టిపరచడం మా పని. వలల పడవలు, ఇంజన్ పడవలు ఎన్నో చూశాను గానీ, ఇలాంటి బుల్లి పడవ, అదీ సెకండ్ హ్యాండ్‌ది, నా గడప తొక్కడం అదే మొదలు.

తెచ్చినావిడ సువర్ణ గారు. ద్రాక్షారామంలో ఉంటారు, లెక్కల టీచరుగా రిటైరయ్యారు. కాకినాడలో కాలేజీలో చదివేటప్పుడు ఒక ఏడాది ఇలాంటి పడవ నడిపారట. ఆ తర్వాత ఉద్యోగం, సంసారం. నలభై ఏళ్ళు గడిచాక ఫోనులో ఫొటో చూసి, ఎవరినీ అడక్కుండా దీన్ని కొనేశారు.

"ఇది అదే రకమో కాదో ముందు చూడండి. అదే అయితే తెరచాప కట్టి ఇవ్వండి. ఫిబ్రవరి నెలాఖరున నాకు మోకాలి ఆపరేషన్. ఆ తర్వాత పడవలో వంగి కూర్చోవడం కుదరదన్నారు డాక్టరు గారు. ఈలోగా ఎన్ని రోజులు దొరికితే అన్ని రోజులు తిరగాలండి," అన్నారు.

టేపు పెడితే పదమూడు అడుగుల మూడు అంగుళాలు. పక్కలు రెండు మడతలుగా ఉన్నాయి. మూటలోంచి నీలం తెరచాప విప్పితే పైన ఇంగ్లీషు 'ఇ' అక్షరం కనబడింది. ఆవిడ దాన్ని చేత్తో నిమిరారు. "ఎంటర్‌ప్రైజ్ అండి. ఇదే రకం."

ఆవిడ వెళ్ళాక పడవ తిరగేశాను. అడుగున సరిగ్గా మధ్యలో పొడవాటి చీలిక, దాని పైన లోపలివైపు ఇరుకైన పెట్టెలాంటిది. మా గోదావరి పడవలకి అడుగు చదునుగా ఉంటుంది. అడుగున సందు కనబడితే మూసెయ్యడమే మాకు తెలుసు. పగిలిన చోట ఎవడో చేతకానివాడు అతుకు వేశాడని తిట్టుకుంటూ పెట్టె కోసి పారేశాను, మూడు పొరల మ్యాట్‌తో చీలిక మూసేశాను. నున్నగా వచ్చిందని మురిసిపోయాను కూడా.

తర్వాత ఆవిడ వచ్చాక ఇద్దరం కలిసి మాస్ట్, అంటే తెరచాప స్తంభం నిలబెట్టి, దాన్ని పట్టి ఉంచే ఉక్కు తీగలు మూడు వైపులా బిగించాం. వెనక పెద్ద తెరచాప, ముందు జిబ్ అనే చిన్నది. ఏ తాడు ఎక్కడ కట్టాలో ఆవిడ చేతులు మర్చిపోలేదు.

ఫిబ్రవరి మొదటి ఆదివారం చర్చి నుంచి నేరుగా రేవుకి వచ్చారు. సముద్రం గాలి చక్కగా వీస్తోంది. పడవ నీళ్ళలో దించిన కాసేపటికే పక్కకి జారడం మొదలుపెట్టింది. చుక్కాని ఎటు తిప్పినా గాలి తోసిన వైపే పోయింది. చివరికి రెల్లు దుబ్బుల్లో ఇరుక్కుంటే ఇంజన్ పడవ వేసుకెళ్ళి లాక్కొచ్చాను.

"అప్పట్లో గాలికి ఎదురెళ్ళేదాన్నండి," అన్నారు సువర్ణ గారు గట్టెక్కి. "అంతా మర్చిపోయినట్టున్నాను. మిమ్మల్ని అనవసరంగా శ్రమ పెట్టాను. ఎవరికైనా ఇచ్చెయ్యండి దీన్ని."

మర్నాడు రంగు డబ్బాలు సర్దుతుంటే వాటి కింద పలక మీద చూపు పడింది. పడవతో పాటు వచ్చిన పలకే. అరగా వాడుకుంటున్నాను. ఎందుకో అనుమానం వచ్చి కొలిచాను. చీలిక పొడవుకి సరిగ్గా సరిపోయింది. ఆ పెట్టెలో నిలబెట్టి చీలికలోంచి నీళ్ళలోకి దించే సెంటర్‌బోర్డ్ అది. పడవ పక్కకి జారకుండా పట్టి ఉంచేది అదే. నా ప్రాణం ఉసూరుమంది.

వెంటనే ఫోన్ చేశాను. "మీరేం మర్చిపోలేదండి. పాడుచేసింది నేను."

జరిగిందంతా చెప్పాను. "మధ్యలో ఏదో ఉండాలని నాకూ అనిపించిందండి. ఇన్నేళ్ళ అనుభవం ఉన్న మీకు తెలియదా అనుకుని, అడగడానికి మొహమాటపడ్డాను," అన్నారు.

నేను మూసిన అడుగుని నేనే కోశాను. కొత్తగా కట్టిన పెట్టె మొదటిసారి కారింది. విప్పి మళ్ళీ కట్టాను. అన్నీ కుదిరేసరికి మూడు వారాలు పట్టింది. సోమవారం ఆపరేషననగా శనివారం పడవ మళ్ళీ నీళ్ళు చూసింది.

ఆ రోజు నన్నూ ఎక్కమన్నారు. పలక దించగానే పడవ నీళ్ళని పట్టుకుంది. అటొకసారి ఇటొకసారి వాలుగా కోసుకుంటూ, గాలి వచ్చే వైపుకే సాగిపోయాం. నేను జిబ్ తాడు పట్టుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను. "తల వంచండి, తిప్పుతున్నా!" అని ఆవిడ కేకేస్తే, తెరచాప కింది కర్ర తగలకుండా క్లాసులో పిల్లాడిలా వంచాను. ఆ మొహంలో అంత సంతోషం చూస్తుంటే నాకు కళ్ళు చెమర్చాయి.

తిరిగి రేవుకి వచ్చాక, "ఇంకొక్కసారి వెళ్ళొద్దామా అండి?" అన్నారు. ఆ మాట అనేసరికే గాలి పడిపోయింది. తెరచాప వంక చూస్తూ ఇద్దరం చాలాసేపు కూర్చున్నాం. "సరే లెండి," అని ఆవిడే లేచారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆవిడ నన్ను ఇప్పటికీ ఒక్క మాట అనలేదు. తెలియని పడవ వస్తే ఇప్పుడు రంపం ముట్టుకునే ముందు ఓనరు గారిని కూర్చోబెట్టి, ఇది దేనికండి, అది దేనికండి అని విసిగిస్తాను. ఇన్నేళ్ళ పనివాడికి ఇదీ తెలీదా అని నవ్వేవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. మధ్యాహ్నం పూట సముద్రం గాలి లేస్తే మాత్రం పని మీద మనసు నిలవదు. ఆ నెలంతా గాలి రోజూ బాగుండేది. ఆవిడకి నేను ఒక్క రోజే ఇచ్చాను.