అక్క చేతి గిటారు

మా అక్క పెళ్ళయిన కొత్తలో బావ కొట్లో గిటార్లకు గరుకు కాగితం రుద్దేది. తర్వాత పలకలు అతికించడం నేర్చింది, వంచడం నేర్చింది. ఇరవై రెండేళ్ళలో పనంతా చేతికొచ్చేసింది. అయినా గిటారు పొట్టలో అంటించే చీటీ మీద మాత్రం బావ పేరే. ఆ సంగతి ఎత్తితే అక్క నవ్వి ఊరుకుంటుంది. నేను ఊరుకోను, నా నోరు అలాంటిది.

"అక్క చేసినదానికి నీ పేరేమిటి బావా, సిగ్గు లేకపోతే సరి!"

"మీ అక్క అడిగిందా, నువ్వు అడుగుతున్నావా?" అని ఆయన ఎదురు ప్రశ్న.

ఈ ఏడాది వానలప్పుడు అక్కే అడిగింది. ఒకే దుంగలోంచి కోసిన పలకలతో చెరొక గిటారు చేద్దామంది. "కళ్ళు మూసుకుని వినండి. నాది మీదానికి తీసిపోకపోతే అందులో నా పేరు వేస్తా." బావ సరేనన్నాడు. అక్క తన పేరుతో చీటీ అచ్చు వేయించి సొరుగులో దాచింది. నాకు మాత్రం చూపించింది.

వాయించేది నేను. తలుపు ఓరగా వేసి, రెండు గిటార్లతో లోపలి గదిలో కూర్చున్నాను. వాళ్ళిద్దరూ ముందు గదిలో పని బల్ల దగ్గర. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి వాలుగా పడుతోంది, అందులో రంపపు పొట్టు మెల్లగా తేలుతోంది. వాన వెలిసిన వాసన, జిగురు వాసన. మెలకువగానే ఉన్నాను గానీ నిద్రలో ఉన్నట్టే ఉంది.

ముందు బావది. మెడ లావు, నా బొటనవేలు ఆయాసపడింది. కానీ తీగ మీటగానే స్వరం గదంతా నిండి, తీరిగ్గా కరిగిపోయింది. లావు తీగ మోగితే పక్కటెముకల్లో తెలిసింది. తర్వాత అక్కది. మెడ సన్నం, చెయ్యి దానంతటదే జారింది. అదే నిండుదనం, అదే తీరిక. లావు తీగ మాత్రం ఇంకాస్త లోతు, బావిలోకి వంగి పిలిచినట్టు. ఒళ్ళు మరిచిపోయి వాయిస్తూనే ఉన్నాను.

"ఇక ఆపవే, చెప్పనీ" అంది అక్క ముందు గదిలోంచి.

బావ కలలో ఉన్నవాడిలా, "రెండోది నాది" అన్నాడు. "ఆ లావు తీగ విన్నావా? అలా నా చేతిలో తప్ప ఎక్కడ పలుకుతుంది! మొదటిదీ బాగానే ఉందిలే, దిగులు పడకు."

నేను ఆగలేకపోయాను. రెండో గిటారు ఎత్తిపట్టుకుని గంతులేసుకుంటూ వచ్చాను. "ఓడావు బావా! ఇది అక్కది!"

బావ నోరు వెళ్ళబెట్టాడు. తర్వాత పకపకా నవ్వాడు. నిజంగానే సంతోషించాడు, అంతవరకు చెప్పుకోవాలి. "తియ్యవే ఆ చీటీ, నేనే అంటిస్తా!"

అక్క కదల్లేదు. కళ్ళనిండా నీళ్ళు. ఆనందమనుకున్నాను, మట్టిబుర్రని.

"నాది విని మీదన్నారు" అంది.

"పొరబడ్డానే. గెలిచావుగా!"

"పొరబడలేదు. అదే నా ఏడుపు. నేను పలక పల్చన చేస్తూ చిత్రిక పడుతుంటే మీరు పక్కన నిలబడి, తట్టించి చప్పుడు విని, ఇంకొంచెం అంటారు, చాలు అంటారు. ఇన్నేళ్ళూ మీరు చాలన్నచోటే ఆపాను. దీనికీ అంతే. ఇక ఇందులో నాదేం పలుకుతుంది?"

చేతిలో గిటారు గోడకు ఆనించేశాను.

అక్క ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది. కొత్త పలక ఒకటి తెచ్చి బల్లకు బిగించి, చిత్రిక అందుకుంది. బావ అలవాటుగా వచ్చి పక్కన నిలబడ్డాడు.

"మీరు బయట కూర్చోండి."

"మరీ పల్చనైతే పగిలిపోతుందే."

"పగలనివ్వండి."

బావ, వెనకే నేను బయటికి నడిచాం. వీధి తలుపు ఆయనే దగ్గరగా వేశాడు. ఇద్దరం మెట్టు మీద కూర్చున్నాం. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. లోపల చిత్రిక సాగుతోంది, ఆగుతోంది, అక్క పలకను వేలితో తడుతోంది, మళ్ళీ సాగుతోంది. ఒకసారి ఆ తట్టిన చప్పుడు విని బావ తలెత్తాడు.

"చాలు" అన్నాడు, నాకు మాత్రమే వినిపించేలా.

లోపల చిత్రిక మళ్ళీ కదిలింది.